సైనికుని వాహనము, నంబరు పలక, పతాకనిధి

ఈ పూట మనం మాట్లాడుకొనే విషయం చూడడానికి చిన్నది. బండికి ముందూ వెనుకా బిగించే నంబరు ప్లేటు. అయితే ఆ మూరెడు రేకు చుట్టూ చట్టమున్నది, డబ్బున్నది, అభిమానమున్నది; అంతేకాక, దేశరక్షణ కార్యంలో యౌవనమంతా వెచ్చించి ఇల్లు చేరిన సైనికునికి తక్కిన సమాజం ఏ రూపంలో మర్యాద చెల్లించాలి, ఆ మర్యాదకు రుసుమంటూ ఉంటే దానిని భరించవలసినవారు ఎవరు, భరించిన సొమ్ము చివరకు చేరవలసిన చోటు ఏది అనే ప్రశ్న కూడా అందులోనే ఇమిడి ఉన్నది. ఈ చివరి మాటను గుర్తుంచుకోండి. సొమ్ము చేరవలసిన చోటు. నా ప్రసంగమంతా దానిని గురించే.

పామిడిముక్కల, మంటాడ, తాడంకి, వీరంకిలాకు, ఇటు ఉయ్యూరు, అటు మొవ్వ. ఈ చుట్టుపట్ల ఊళ్లలో “మిలట్రీ ఆయన ఇల్లు ఏదండీ?” అని అడిగితే, ఎవరో ఒకరు వెంట వచ్చి మరీ చూపిస్తారు. ఆయన నాయక్‌గా పదవీ విరమణ చేసి ఉండవచ్చు, హవల్దారుగా చేసి ఉండవచ్చు, సుబేదారుగా చేసి ఉండవచ్చు. ఊరికి మాత్రం ఆయన మిలట్రీ ఆయనే. అట్టి పెద్దమనిషి తన స్కూటరు నంబరు ప్లేటు మీద, అంకెల పైన కొంచెం చోటు చూసుకొని, ఎర్రరంగుతో ‘ఆర్మీ’ అని రాయించుకొంటారు. కొన్నాళ్లకు ఆయన కొడుకు, సైన్యంతో ఏ సంబంధమూ లేనివాడు, తన మోటారుసైకిలు మీద కూడా అదే మాట రాయించుకొంటాడు. ఆ తరువాత మేనల్లుడు. వీరి మనసులో ఉన్నది గౌరవమే, దానిని తప్పుపట్టనక్కరలేదు. కాని చేసిన పని మాత్రం తప్పు. చట్టరీత్యా తప్పు. ఆ కుటుంబానికే కాక, నిజమైన సైనికులందరికీ నష్టం తెచ్చే తప్పు. ఎందుకో క్రమంగా చెబుతాను.

ముందుగా ఒక్కసారి సముద్రాల అవతలికి పోయివద్దాం. మన కృష్ణాతీరం నుంచి అమెరికా వెళ్లి డాలస్, హ్యూస్టన్ ప్రాంతాల్లో స్థిరపడిన కుటుంబాలు చాలా ఉన్నాయి. అవి టెక్సస్ రాష్ట్రంలోని నగరాలు. ఆ దేశంలో వాహనాల నంబరు ప్లేట్ల వ్యవహారం కేంద్ర ప్రభుత్వానిది కాదు, ఏ రాష్ట్రానికారాష్ట్రానిది. మాజీ సైనికులకు ప్రత్యేకమైన ప్లేట్లు ఇచ్చే ఏర్పాటు అక్కడి రాష్ట్రాల్లో ఉన్నది. ప్లేటు మీద తాను పనిచేసిన దళం చిహ్నం ఉంటుంది, లేదా పొందిన పతకం గుర్తు ఉంటుంది. దానికి రుసుము ఒక్కొక్క రాష్ట్రంలో ఒక్కొక్క విధం. టెక్సస్ సంగతే తీసుకొందాం. సైనికసేవలో కలిగిన అంగవైకల్యం 50 శాతం, ఆపైన ఉన్నవారికి మొదటి జత ప్లేట్ల రుసుము 3 డాలర్లు. అంటే నామమాత్రం. కాలిఫోర్నియా పద్ధతి మరొకటి. అక్కడ మాజీ సైనికులను గౌరవించే ప్రత్యేక ప్లేటు ఒకటి ఉన్నది. మామూలు రుసుముకు పైన కొంత అదనంగా కట్టి దానిని తీసుకొంటే, అట్లా అదనంగా వచ్చిన సొమ్ము జిల్లాల్లో మాజీ సైనికులకు సహాయపడే కార్యాలయాల నిర్వహణకు పోతుంది.

ఈ రెండు పద్ధతులనూ పక్కపక్కన పెట్టి చూడండి. మొదటిదానిలో గాయపడ్డ సైనికుని దగ్గర రుసుము తీసుకోరు, తీసుకొన్నా పేరుకు తీసుకొంటారు. రెండవదానిలో డబ్బు తీసుకొంటారు. అయితే అది ఖజానాలో కలిసిపోక సైనికుల సంక్షేమానికే తిరిగి చేరుతుంది. రెండూ మర్యాదలే. వేరువేరు దారులు.

ఇక మన దగ్గరకు వద్దాం. ఆంధ్రప్రదేశ్‌లో మాజీ సైనికుల కోసం ప్రత్యేకమైన నంబరు ప్లేటు ఉన్నదా? లేదు. దానికి ప్రత్యేక రుసుము ఉన్నదా? ప్లేటే లేనప్పుడు రుసుమూ లేదు. మళ్లీ చెబుతున్నాను, ఎందుకంటే ఈ విషయంలో మధ్యవర్తుల మాటలు నమ్మి డబ్బు పోగొట్టుకొనే అవకాశమున్నది. మాజీ సైనికుల ప్లేటు అని మన రవాణాశాఖ ఇచ్చేది ఏదీ లేదు.

మరి మన రాష్ట్రంలో ప్రత్యేక వరుసలు అసలే లేవా అంటే, ఉన్నాయి. పూర్వం మన కృష్ణా జిల్లా బండ్లకు ఏపీ 16 అని ఉండేది. ఆ 16 చూడగానే, ఎంత దూరదేశంలో ఉన్నా, మనవాళ్లని పోల్చుకొనేవాళ్లం. 2019లో రాష్ట్రమంతటికీ కలిపి ఏపీ 39 అనే ఒకే సంకేతం వచ్చింది. అందులో పోలీసు వాహనాలకు ‘పి’ అక్షరం, ఆర్టీసీ బస్సులకు ‘జెడ్’ అక్షరం, లారీలకూ టాక్సీలకూ వేరే అక్షరాలు. ఇవన్నీ ఆ వాహనం చేసే పనిని చెప్పే గుర్తులు. అందులో ప్రయాణం చేసే మనిషి ఎవరో, ఆయన చరిత్ర ఏమిటో చెప్పే గుర్తులు కావు.

సైన్యం వాహనాల సంగతి ఇంకా వేరు. వాటి ప్లేటు మీద పైకి చూసే బాణం గుర్తు ఉంటుంది, బాణం పక్కన ఆ వాహనం సైన్యంలోకి వచ్చిన సంవత్సరపు చివరి రెండంకెలు ఉంటాయి. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలో 60వ విభాగం కింద, దేశరక్షణకు వాడే ప్రభుత్వ వాహనాలను రక్షణశాఖే నమోదు చేసుకొంటుంది. అది ప్రభుత్వం సొత్తయిన వాహనానికి. పదవిలో ఉన్నా, విరమించినా, సైనికుడు తన డబ్బుతో కొనుక్కొన్న బండికి ఆ బాణం చెల్లదు.

ఇప్పుడు మన ఇళ్లముందున్న బండి ప్లేటును దగ్గరగా చూద్దాం. 2019 ఏప్రిల్ 1 తరువాత తయారైన ప్రతి వాహనానికీ వచ్చేది హై సెక్యూరిటీ ప్లేటు. అది అల్యూమినియం రేకు. ఎడమవైపు పై మూలలో 20 మిల్లీమీటర్ల కొలతతో నీలంగా మెరిసే అశోకచక్రం. అది అంటించిన కాగితం కాదు, వేడితో ఒత్తిన ముద్ర. ఎడమవైపు దిగువన లేజరుతో చెక్కిన పది స్థానాల గుర్తుసంఖ్య ఉంటుంది. కళ్లజోడు సవరించుకొని చూస్తేగాని కనిపించదు. పెద్ద అక్షరాల మీద వేలు పెట్టి పక్కకు వంగి చూస్తే, వాటి నిండా ఏటవాలుగా ‘ఇండియా’ అనే మాట కనిపిస్తుంది. వెనుక ప్లేటును బిగించిన తాళం ఒకసారి బిగిస్తే మళ్లీ పనికిరాదు, ఊడదీయాలంటే విరగగొట్టవలసిందే. ఇంత పకడ్బందీగా చేసిన వస్తువు మీద, అంగడిలో యాభయ్యో వందో ఇచ్చి, మరొక మాట రాయించడమేమిటి చెప్పండి. ఆ ప్లేటు మీద నమోదు సంఖ్య తప్ప మరి ఏ రాతా ఉండరాదు. ఆర్మీ అని ఉండరాదు. ప్రెస్ అని ఉండరాదు. కులం పేరు, కథానాయకుని పేరు ఉండరాదు. ప్లేటు పోలీసు చదవడానికి, కెమెరా చదవడానికి, దారిన పోయేవాడు ప్రమాదాన్ని చూసి గుర్తుపెట్టుకోవడానికి ఉద్దేశించినది.

రుసుము మాట చెబుతాను. బండి నమోదు రుసుమును కేంద్ర నియమావళి నిర్ణయిస్తుంది. కొత్త మోటారుసైకిలుకు 300 రూపాయలు. సొంత వాడకపు కారుకు 600 రూపాయలు. వికలాంగుల కోసం ప్రత్యేకంగా నిర్మించిన వాహనానికి 50 రూపాయలు. దీనికి పైన, బండి ధరను బట్టి రాష్ట్రం తీసుకొనే లైఫ్ ట్యాక్స్ ఉంటుంది. ఈ నమోదు రుసుము మాజీ సైనికునికైనా, రైతుకైనా, పంతులుగారికైనా ఒక్కటే. ఇందులో సైనికునికి జరిగిన అవమానమేమీ లేదు. దీనిని అర్థం చేసుకోవడానికి మన మొవ్వ వేణుగోపాలస్వామి కోవెలకు పోదాం. గుడిలో అర్చన టికెట్టు కొంటాం. అది ఆ పూట అర్చన జరిపించడానికి అయ్యే ఖర్చు. అందరికీ ఒకటే ధర. టికెట్టు చేతిలో ఉన్నంత మాత్రాన మన భక్తి ఎంతో స్వామికి తెలిసిందని ఎవరూ అనుకోరు. భక్తి కొద్దీ వేసేది హుండీలో వేస్తాం. దానికి ధర లేదు, అడిగేవారు లేరు, ఎంత వేయాలో మన మనసు చెబుతుంది. నమోదు రుసుము అర్చన టికెట్టు వంటిది. సైనికుని పట్ల మర్యాద హుండీ కానుక వంటిది. అమెరికా రాష్ట్రాలవారు ఈ రెంటినీ ఒకే ప్లేటులో కలిపారు. మన దేశంలో అవి రెండూ వేరువేరుగా ఉన్నాయి. వేరుగా ఉన్నందువల్ల మనకొక ఇబ్బంది వచ్చింది: టికెట్టు కొని, హుండీ మరచిపోతున్నాం.

మన హుండీ ఎక్కడున్నదో చెప్పబోయే ముందు, దారిలో టోల్‌గేటు ఒకటి ఉన్నది. అక్కడ కాసేపు ఆగాలి.

మచిలీపట్నం నుంచి విజయవాడ పోయే 65వ నంబరు జాతీయరహదారి మీద, కంకిపాడు దగ్గర దావులూరు టోల్‌గేటు ఉన్నదని ఈ ప్రాంతంవారికి తెలుసు. అటువంటి గేటు దగ్గర అప్పుడప్పుడూ వాగ్వాదం జరుగుతుంది. “ప్లేటు మీద ఆర్మీ అని కనిపించడం లేదా? నా దగ్గర డబ్బు తీసుకొంటావా?” అని బండిలోని పెద్దాయన అంటారు. గేటు దగ్గరి కుర్రవాడు పదోతరగతి చదివి ఉద్యోగంలో చేరినవాడు; వాడికి ఏం చెప్పాలో తెలియదు. వెనుక బండ్లు హారను మోగిస్తుంటాయి. వయసులో పెద్దవారికీ, పనిచేసుకొనే పిల్లవాడికీ ఇద్దరికీ మనస్తాపం. నిబంధన తెలిసి ఉంటే ఇది జరిగేది కాదు.

నిబంధన ఇది. 2008 నాటి జాతీయరహదారుల రుసుము నియమాల ప్రకారం, పరమవీరచక్ర, అశోకచక్ర, మహావీరచక్ర, కీర్తిచక్ర, వీరచక్ర, శౌర్యచక్ర పురస్కారాలు పొందినవారికి, ఫొటో ఉన్న గుర్తింపుకార్డు చూపినమీదట, టోలు మినహాయింపు ఉన్నది. వారి కోసం మినహాయింపు ఫాస్టాగ్ కూడా ఇస్తారు. ఉద్యోగంలో ఉన్న సైనికులకు 1901 నాటి పాత చట్టం ఒకటి ఆధారం. అది విధినిర్వహణలో పోయేటప్పటి మాట. పదవీ విరమణ చేసిన సైనికుడు సొంత పని మీద సొంత కారులో పోతున్నప్పుడు మినహాయింపు లేదు. ప్లేటు మీది రాతను బట్టి మినహాయింపు ఎవరికీ లేదు. చేతిలోని కాగితాన్ని బట్టే. మరొకసారి చెబుతాను. రాతను బట్టి కాదు, కాగితాన్ని బట్టి.

ఇంత కఠినం ఎందుకని మీరు అడగవచ్చు. 2001 డిసెంబరు 13న పార్లమెంటు మీద దాడికి వచ్చిన ఉగ్రవాదులు ఎక్కిన తెల్ల అంబాసిడర్ కారు అద్దానికి హోంశాఖవారి చీటీ అతికించి ఉన్నది. ఆ చీటీ నకిలీది. ఒక చీటీని చూసి దారి ఇవ్వడం వల్ల ఎంత ప్రమాదం రాగలదో ఆనాడు దేశం చూసింది. అంగట్లో యాభై రూపాయలకు దొరికే ‘ఆర్మీ’ అక్షరాలు ఎవరి బండి మీదనైనా అతుక్కుంటాయి. అట్లా అతుక్కున్నకొద్దీ, నిజంగా సియాచిన్ మంచులో కాపలా కాచి వచ్చిన మనిషిని చూసినా కాపలావాడు అనుమానంతోనే చూడవలసి వస్తుంది. అందుచేతనే, ఆ రాత నిజమైన సైనికులకు నష్టమని మొదట్లో అన్నాను.

ఉద్యోగంలో ఉన్న పిల్లల కోసం ఒక్కమాట. మన పిల్లవాడు సైన్యంలో చేరి ఊళ్లో బండి కొంటాడు. ఆ తరువాత పఠాన్‌కోటకో తేజ్‌పూరుకో బదిలీ అవుతుంది. మోటారు వాహనాల చట్టంలో 47వ విభాగం ప్రకారం, ఒక రాష్ట్రంలో నమోదైన బండిని మరొక రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచితే, అక్కడ కొత్త నంబరు తీసుకోవాలి. అక్కడ పన్ను కట్టాలి, ఇక్కడ కట్టిన పన్నులో మిగిలినది తిరిగి రాబట్టుకోవాలి. సరిహద్దులో ఉన్నవాడు ఈ ఆఫీసుల చుట్టూ ఎప్పుడు తిరుగుతాడు? ఈ చిక్కును తీర్చడానికే 2021 సెప్టెంబరు 15 నుంచి భారత్ వరుస, అంటే ‘బీహెచ్’ నంబరు వచ్చింది. రక్షణ దళాలవారూ, కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వోద్యోగులూ, నాలుగు, అంతకుమించి రాష్ట్రాల్లో కార్యాలయాలున్న ప్రైవేటు కంపెనీల ఉద్యోగులూ దీనిని కోరి తీసుకోవచ్చు. పదిహేనేళ్ల పన్ను ఒకేసారి కట్టనక్కరలేదు. రెండేళ్లకొకసారి కడితే చాలు. పధ్నాలుగేళ్లు నిండిన తరువాత ఏడాదికొకసారి, అంతకుముందు కట్టినదానిలో సగం. బదిలీ అయిన ప్రతిసారీ నంబరు మార్చనక్కరలేదు. సైనికుని కోసం మన దేశం నంబరు ప్లేటు మీద చేసిన నిజమైన సదుపాయం ఏదైనా ఉన్నదంటే, నా ఉద్దేశంలో ఇదే. దానిమీద పతకం బొమ్మ లేదు. కాని అది పనికివచ్చే మర్యాద. సైన్యంలో ఉన్న పిల్లలు గల తల్లిదండ్రులు, బండి కొనేముందే ఈ సంగతి డీలరుకు చెప్పండి.

ఇక డబ్బు సంగతికి వద్దాం. మన తెలుగువారికి నంబరంటే మోజు ఉన్నది. అంకెలన్నీ కలిపితే తొమ్మిది రావాలని ఒకరు, పుట్టినతేదీ ఉండాలని ఇంకొకరు. ప్రభుత్వం కూడా ఆ మోజును గమనించి ఫ్యాన్సీ నంబర్లకు వేలం పెట్టింది. 2024లో హైదరాబాదులో 9999 అనే ఒక్క నంబరుకు 25 లక్షల రూపాయలకు పైగా పాట పలికింది. ఎవరి డబ్బు వారిది, నేను ఆక్షేపించబోను. కాని ఆ సొమ్ము పోయేది రాష్ట్ర ఖజానాకు. అందులో ఒక్క రూపాయి కూడా ఫలానా సైనికుని విధవకు చేరాలనే నియమం లేదు. ఇంత మోజు ఉన్న జాతిలో, మాజీ సైనికుల పేర ఒక నంబరు వరుసను ప్రవేశపెట్టి, సైనికుని దగ్గర రుసుము తీసుకోకుండా, ఇష్టపడిన పౌరుల దగ్గర అదనపు రుసుము తీసుకొని, ఆ అదనాన్ని నూటికి నూరుపాళ్లు సైనిక సంక్షేమానికే జమకట్టే ఏర్పాటును ప్రభుత్వం చేసిన పక్షంలో, అది చక్కగా సాగుతుందని నా నమ్మకం. దీనికి నేను పెట్టే షరతులు ఇవే: సైనికుడు కట్టకూడదు, సొమ్ము దారి తప్పకూడదు. ఈ షరతులు నెరవేరని నాడు అట్టి ప్లేటు ఉండకపోవడమే మేలు.

ఆ ఏర్పాటు వచ్చేదాకా మనం చేతులు ముడుచుకొని కూర్చోనక్కరలేదు. ఇందాక హుండీ మాట చెప్పాను గదా. ఆ హుండీ పేరు సాయుధదళాల పతాకదిన నిధి. డిసెంబరు 7. ఈ తేదీని దయచేసి గుర్తుపెట్టుకోండి. 1949 నుంచి ప్రతి ఏటా డిసెంబరు 7వ తేదీని సాయుధదళాల పతాకదినంగా జరుపుతున్నారు. ఆనాడు చిన్న కాగితపు జెండాలు ఇస్తారు. చొక్కాకు పెట్టుకొనేవి కొన్ని, కారు అద్దానికి అంటించుకొనేవి కొన్ని. ఎరుపు సైన్యానికి, ముదురునీలం నావికాదళానికి, లేతనీలం వాయుసేనకు. మూడు రంగులూ మూడు నిలువు పట్టీలుగా ఉంటాయి. చూశారా! అమెరికావారు ప్లేటు మీద పెట్టుకొన్న గుర్తును, మన పెద్దలు ఏనాడో కారు జెండాగా రూపొందించి పెట్టారు. దానికి నిర్బంధ రుసుము లేదు. తోచినంత ఇచ్చి, జెండా తీసుకొని, నిబంధనకు అడ్డురాని చోట బండికి అంటించుకోవచ్చు. నంబరు ప్లేటు జోలికి పోనక్కరలేదు.

ఆ డబ్బు ఏమవుతుంది? 1993లో అనేక చిన్నచిన్న నిధులను కలిపి దీనిని ఒకటే నిధిగా చేశారు. పుణె దగ్గర ఖడ్కీలో, పంజాబులో మొహాలీలో, వెన్నెముక దెబ్బతిని నడవలేని సైనికుల కోసం పునరావాస కేంద్రాలున్నాయి. వాటికి ఈ నిధి సహాయపడుతుంది. అంతకన్న మన ఊళ్లకు దగ్గరి సంగతి మరొకటి చెబుతాను. సైన్యంలో పనిచేసిన ప్రతివారికీ పెన్షను ఉంటుందని మనం అనుకొంటాం. ఉండదు. సిపాయిగా పెన్షను రావాలంటే సాధారణంగా 15 ఏళ్ల సేవ ఉండాలి. అంతకుముందే ఏ కారణంచేతనో తిరిగివచ్చినవారు ఉన్నారు. వారి భార్యలు ఉన్నారు. ముసలితనంలో కూలి చేయలేరు, చేయి చాచలేరు. 65 ఏళ్లు దాటి, పెన్షను లేక, హవల్దారు వరకు గల హోదాలో పనిచేసిన మాజీ సైనికునికి, ఆయన కాలం చేస్తే ఆయన భార్యకు, దుఃస్థితి సహాయమని నెలకు 4,000 రూపాయలు ఇచ్చేవారు. 2025 నవంబరు 1 నుంచి దానిని 8,000 చేశారు. ఒక్కొక్క బిడ్డ చదువుకు నెలకు 1,000 ఉండేది 2,000 అయింది. ఇద్దరు పిల్లల వరకు. కూతురి పెళ్లికి 50,000 ఉండేది లక్ష అయింది. ఈ సహాయాలకు మూలం పతాకదిన నిధే. మీరు కారు అద్దానికి అంటించుకొన్న కాగితపు జెండా ఖరీదు ఏ లంకగ్రామంలోనో ఒక ముసలమ్మ మందులకు చేరుతున్నదన్నమాట. సొమ్ము చేరవలసిన చోటు అని మొదట అన్నది ఇదే.

జెండా మాట వచ్చింది గనుక, మన పొరుగూరి మనిషిని తలచుకోకుండా ముందుకు పోలేను. మొవ్వకు దగ్గరలోని భట్లపెనుమర్రులో పుట్టిన పింగళి వెంకయ్యగారు జాతీయపతాక రూపకర్తగా అందరికీ తెలుసు. 1921లో బెజవాడలో కాంగ్రెసు మహాసమితి సమావేశాలు జరిగినప్పుడు ఆయన గాంధీ మహాత్మునికి పతాకాన్ని సమర్పించారు. కాని ఆయన మాజీ సైనికుడన్న సంగతి చాలామంది మరచిపోయారు. యౌవనంలో సైన్యంలో చేరి బోయర్ యుద్ధకాలంలో దక్షిణాఫ్రికా వెళ్లి పనిచేసినవారు. 1963లో కన్నుమూసే నాటికి ఆయన లేమిలోనే ఉన్నారు. తపాలాబిళ్ల 2009లో వచ్చింది. బిళ్ల వచ్చినందుకు సంతోషమే. అయితే బతికి ఉండగా అందవలసిన ఆసరా, పోయిన తరువాత వచ్చే బిళ్లతో తీరదు. సైనికుల విషయంలో మనం నేర్చుకోవలసినది ఈ ఒక్క జీవితంలోనే చాలినంత ఉన్నది.

మన డెల్టాకు సైన్యంతో ఉన్న బంధం అక్కడితో ఆగలేదు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తినప్పుడు, శవాల మధ్య నిలబడి సహాయం అందించినవారిలో సైనికులున్నారు; ఆ రోజులు చూసినవారు ఇప్పటికీ మన మధ్య ఉన్నారు. మచిలీపట్నంలో 1926లో ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీగా ఆరంభమై, 1983లో భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థలో భాగమైన కర్మాగారం, సైనికుడు చీకట్లో చూడగలిగే సాధనాలను తయారుచేస్తున్నది. బందరు మనిషి చేతిపని ఎక్కడో సరిహద్దులో కాపలావాని కంటికి వెలుగవుతున్నది.

కనుక శ్రోతలారా, మిలట్రీ కుటుంబాలవారికి నా విన్నపం. నంబరు ప్లేటు మీద ఏమైనా రాసి ఉంటే ఈ ఆదివారమే తుడిపించండి. సైనికుని గుర్తింపుకార్డు, డిశ్చార్జి బుక్కు, పెన్షను కాగితాలు ఒకచోట భద్రంగా పెట్టుకోండి. మన రాష్ట్రంలో గ్రామపంచాయతీ ఇంటిపన్ను మినహాయింపు మొదలుకొని ఏ సదుపాయం కావాలన్నా అడిగేవి ఆ కాగితాలే. తక్కినవారికి మరొక విన్నపం. కొత్త బండి కొన్నప్పుడు నిమ్మకాయలకూ, దండలకూ, మిఠాయిలకూ ఖర్చుపెడతారు. అప్పుడే పతాకదిన నిధికి కూడా కొంత తీసిపెట్టండి. డిసెంబరు 7 వచ్చినప్పుడు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికో, కేంద్రీయ సైనిక్ బోర్డుకో అందజేసి రసీదు అడిగి తీసుకోండి. ఆ విరాళానికి ఆదాయపు పన్నులో రాయితీ పొందే వీలు కూడా ఉన్నది. మీ వీధిలో పెన్షను లేని మాజీ సైనికుడో, ఆయన భార్యో ఉంటే, వారికి దరఖాస్తు రాసుకోవడం చేతకాకపోవచ్చు. వారిని మీ బండి మీద ఎక్కించుకొని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి తీసుకువెళ్లండి. అర్హులైతే నెలకు 8,000 రూపాయలు వారికి రావలసినవి.